జేన్ కలం జేన్‌దే: దర్శకుడు జూలియన్ జారల్డ్ గారికి బహిరంగ లేఖ

జూలియన్ జారల్డ్ గారికి,



మీరు 2007లో తీసిన 'బికమింగ్ జేన్' సినిమా గురించి ఇన్నేళ్ల తర్వాత ఈ ఉత్తరం రాస్తున్నాను. 2025 డిసెంబరు 16తో జేన్ ఆస్టెన్ పుట్టి 250 ఏళ్లు నిండాయి. ఆమె నవలలు చదవకముందే మీ సినిమా చూసినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఎంతోమంది ఉన్నారు. ఆమె పేరు వినగానే వాళ్లకు ఆన్ హాథవే ముఖం, పక్కన జేమ్స్ మెకవోయ్ గుర్తొస్తారు. వాళ్ల మనసులో నాటుకున్న కథ ఇది: ఇరవయ్యేళ్ల పల్లెటూరి పిల్ల ఒక ఐరిష్ కుర్రవాణ్ణి ప్రేమించింది, డబ్బు లేక ఆ ప్రేమ చెడింది, ఆ గాయం ఆమెను గొప్ప నవలాకారిణిని చేసింది. మొదటి రెండు ముక్కలతో నాకు పేచీ లేదు. మూడో ముక్క ఆమెకు అన్యాయం చేసింది. ఆ మాట మీతోనే చెప్పాలనిపించింది.

ముందు మీ సినిమాలో నాకు నచ్చినవి చెబుతాను. ఆ కాలపు ఆడపిల్ల బతుకులో డబ్బు ఎంత పెద్ద మాటో మీరు దాచలేదు. జూలీ వాల్టర్స్ వేసిన తల్లి పాత్ర ఆ సంగతి మొహమాటం లేకుండా కూతురి ముందు పెడుతుంది. మ్యాగీ స్మిత్ వేసిన లేడీ గ్రెషమ్ కళ్లలో ఒక పాదిరీ కూతురి విలువ ఎంతో ఒక్క చూపుతో తెలిసిపోతుంది. ఆమె ప్రేమించిన టామ్ లెఫ్రాయ్ కూడా స్వతంత్రుడు కాడని, లండన్‌లోని బంధువు ఇచ్చే భత్యం మీద అతని కుటుంబమంతా ఆధారపడి ఉందని తెలిశాక జేన్ వెనక్కి తిరిగిపోయే ఘట్టం సినిమాకు ప్రాణం. ప్రేమించినవాడిని దక్కించుకుంటే ఎవరి నోటి దగ్గర కూడు పోతుందో ఆలోచించే అమ్మాయిని చూపించారు. ప్రేమకథా చిత్రాల్లో అంత బాధ్యత తెలిసిన నాయిక అరుదు.

అయితే చరిత్రలో మనకు దొరికేది చాలా తక్కువ. 1795 క్రిస్మస్ సెలవులకు టామ్ లెఫ్రాయ్ హాంప్‌షైర్‌లోని ఆష్ గ్రామానికి, పాదిరీగా ఉన్న పినతండ్రి ఇంటికి వచ్చాడు. డబ్లిన్‌లో చదువు ముగించుకుని లండన్‌లో న్యాయశాస్త్రం చదవబోతున్న కుర్రవాడు. స్టీవెంటన్‌లో ఉండే జేన్‌కు అప్పుడే ఇరవై నిండాయి. చుట్టుపక్కల ఇళ్లలో జరిగిన విందుల్లో ఇద్దరూ కలిసి నాట్యం చేశారు, పక్కపక్కన కూర్చుని కబుర్లాడారు. 1796 జనవరిలో అక్క కసాండ్రాకు రాసిన రెండు ఉత్తరాల్లో జేన్ ఆ సంగతి కులాసాగా చెప్పింది. ఆమె ఉత్తరాల్లో మనకు మిగిలినవాటిలో మొట్టమొదటివి ఇవే. తర్వాత అతను వెళ్లిపోయాడు. 1798 నవంబరులో అతని పిన్నమ్మ వచ్చినప్పుడు అతని గురించి అడగడానికి జేన్‌కు అభిమానం అడ్డొచ్చింది. తండ్రి అడిగితే, లండన్ నుంచి ఐర్లండ్‌కు వెళ్తున్నాడని తెలిసింది. 1799లో అతను మేరీ పాల్‌ను పెళ్లి చేసుకున్నాడు, 1852లో ఐర్లండ్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, 93 ఏళ్లు బతికి 1869లో పోయాడు. ముసలితనంలో బంధువు ఒకరు అడిగితే, ఆమెను ప్రేమించిన మాట నిజమేననీ, అది కుర్రతనపు ప్రేమనీ ఒప్పుకున్నాడట.

మనకు తెలిసింది ఇంతే. లేచిపోవడానికి బయల్దేరడం, దారిలో మనసు మార్చుకోవడం, ఎన్నో ఏళ్లకు ఒక సభలో మళ్లీ ఎదురుపడటం మీ రచయితలు కల్పించినవి. అతని పెద్దకూతురి పేరు జేన్ కావడం మీ ముగింపుకు ఆయువుపట్టు. కానీ అతని అత్తగారి పేరు కూడా జేనే. ఈ కల్పనల మీద నాకు కోపం లేదు. కసాండ్రా చెల్లెలి ఉత్తరాలు చాలావరకు తగలబెట్టింది, ఇప్పుడు మిగిలినవి 160 పైచిలుకు మాత్రమే. అంత ఖాళీ ఉన్నచోట కథకులు ఊహించకుండా ఎలా ఉంటారు? ఊహించండి. ఆ ఊహ ఎటు నడిచిందన్నదే నా ప్రశ్న.

మీ సినిమాలో టామ్ ఆమె రాతను మొదట తీసిపారేస్తాడు. మగ రచయితలతో సమానంగా రాయాలంటే లోకానుభవం కావాలంటాడు, ఫీల్డింగ్ రాసిన 'టామ్ జోన్స్' చదవమంటాడు. ఆమె చదువుతుంది, కళ్లు తెరుస్తుంది, ప్రేమిస్తుంది. లండన్‌లో అతని బంధువు ఇంట్లో ఒక రాత్రి కూర్చుని, తర్వాత 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'గా మారిన నవలను మొదలుపెడుతుంది. అంటే దారి చూపినవాడు అతను, నడిచిన శిష్యురాలు ఈమె.

ఆ 1796 జనవరి ఉత్తరాల్లో మొదటిదాన్నే ఒకసారి తెరిచి చూడండి. టామ్ లెఫ్రాయ్ వేసుకునే లేతరంగు కోటును ఆటపట్టిస్తూ, అతనికి 'టామ్ జోన్స్' నవలంటే ఇష్టం కనుక, అందులో నాయకుడు గాయపడ్డప్పుడు వేసుకున్న రంగు బట్టలే వేసుకుంటున్నాడని జేన్ అక్కకు రాసింది. ఆ నవలలో అంత చిన్న వివరం ఆమెకు నోటికి ఉంది. ఆ మాట చెబితే అక్కకూ అర్థమవుతుందన్న నమ్మకం ఉంది. కొద్ది వారాల పరిచయంలో ఒక కుర్రవాడు చేతికిచ్చి చదివించిన పుస్తకం గురించి ఎవరూ అలా రాయరు. స్టీవెంటన్ ఇంట్లో ఆమె తండ్రి జార్జ్ ఆస్టెన్ దగ్గర దాదాపు 500 పుస్తకాలు ఉండేవి. ఆడపిల్ల చదవకూడని పుస్తకమంటూ ఆయన అల్మరాకు తాళం వేయలేదు. ఆమె అనుభవం ఆ అల్మరాలోంచే మొదలైంది.

రాయడం కూడా అప్పటికి ఆమెకు కొత్త కాదు. 1787 నుంచి 1793 వరకు, అంటే పన్నెండో ఏట దగ్గర్నుంచి పదిహేడో ఏడు దాటేదాకా, రాసిన కథలను, నాటికలను, సరదా చరిత్రను ఆమె మూడు నోటుపుస్తకాల్లోకి శుభ్రంగా ఎత్తి రాసుకుంది. వాటికి ఒకటో సంపుటం, రెండో సంపుటం, మూడో సంపుటం అని అచ్చుపుస్తకాల పద్ధతిలో పేర్లు పెట్టుకుంది. రెండోది తండ్రి ఇచ్చిన కానుక. మూడోదాని లోపల, ఇవి సరికొత్త శైలిలో ఒక చిన్నపిల్ల రాసిన కథలని ఆయనే స్వయంగా రాశారు. మొదటి పుస్తకం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ లైబ్రరీలో, మిగతా రెండూ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1794 డిసెంబరులో ఆయన మహాగని కర్రతో చేసిన రాతపెట్టె ఒకటి కొన్నారు. జేన్ 19వ పుట్టినరోజు కోసమే కొని ఉంటారని పండితుల ఊహ. టామ్ లెఫ్రాయ్ ఆష్ గ్రామంలో అడుగుపెట్టేనాటికి ఆమె 'లేడీ సుసాన్' రాసింది, 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'కి తొలిరూపమైన 'ఎలినార్ అండ్ మేరియాన్' మీద కూడా చెయ్యి వేసి ఉంటుందని చెబుతారు. ఎనిమిదేళ్లుగా రాస్తున్న మనిషి ఆమె. అతను కలిసింది ఒక రచయిత్రిని.

లేచిపోయే ఘట్టం గురించి ఇంకొక మాట. 1790లో, పద్నాలుగేళ్ల వయసులో ఆమె 'లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్' అనే చిన్న రచన చేసింది. తొలిచూపులోనే ప్రేమలో పడి, తండ్రి మాట విననందుకే గర్వపడి, ఇల్లు విడిచి పారిపోయి, మాటిమాటికీ మూర్ఛపోయే నాయికలను అందులో కడుపుబ్బ నవ్వేలా ఎండగట్టింది. పెద్దయ్యాక రాసిన నవలల్లోనూ అంతే. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో లిడియా విక్‌హామ్‌తో లేచిపోతే ఇంటిల్లిపాదీ తలవంచుకుంటారు. అదే మనిషితో వెళ్లిపోబోయిన జార్జియానా ఆఖరి నిమిషంలో అన్నకు చెప్పేసి బయటపడుతుంది. అలాంటి మనిషి జీవితానికి లేచిపోయే ప్రయత్నాన్ని మలుపుగా నిలబెట్టారు. పద్నాలుగేళ్లకే ఆమె కోసి పక్కన పెట్టిన కథను తెచ్చి ఆమె మెడలోనే వేశారు.

లోకానుభవం లేదన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. దానికి నేను మా తీరం దాకా రావలసి ఉంటుంది. మీ సినిమాలో ఎలైజా అనే చుట్టం అందంగా, ధీమాగా కనిపిస్తుంది. ఆమె జేన్ మేనత్త ఫిలడెల్ఫియా కూతురు. తల్లీతండ్రీ లేని ఫిలడెల్ఫియా లండన్‌లో టోపీలు కుట్టే దుకాణంలో పని నేర్చుకుంది. కట్నం లేదు, ఆదుకునే దిక్కు లేదు. 1752లో ఓడెక్కి మద్రాసు చేరింది. ఈస్టిండియా కంపెనీలో ఇంగ్లీషువాళ్లు చాలామంది ఉన్నారు, ఇంగ్లీషు ఆడపిల్లలు తక్కువ, పెళ్లి కుదురుతుందన్న ఆశతో చేసిన ప్రయాణం అది. మరుసటి ఏడాది కడలూరులో హాంకాక్ అనే కంపెనీ వైద్యుణ్ణి పెళ్లి చేసుకుంది. ఎలైజా 1761లో కలకత్తాలో పుట్టింది. పెద్దయ్యాక ఒక ఫ్రెంచి దొరను చేసుకుంది. విప్లవకాలంలో, 1794లో, అతని తల గిలటిన్ కింద తెగింది. ఈ మేనత్త, ఈ వదిన జేన్ ఇంటికి వచ్చిపోయే మనుషులే. స్టీవెంటన్ కొట్టంలో ఇంటివాళ్లు నాటకాలు వేసేటప్పుడు ఎలైజా కూడా వేషం కట్టేది. 'లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్' రచనను జేన్ అంకితమిచ్చింది ఆమెకే.

1792లో పదహారేళ్ల జేన్ 'కాథరిన్' అనే కథ మొదలుపెట్టింది. తండ్రి ముందుమాట రాసిన ఆ మూడో నోటుపుస్తకంలోనే అది ఉంది. అందులో డబ్బులేని ఒక అనాథ పిల్లను బంధువులు ఓడెక్కించి బెంగాల్‌కు పంపుతారు. అక్కడ ఆమెకు వయసులో రెట్టింపు ఉన్న డబ్బున్నవాడితో పెళ్లి జరుగుతుంది. అదృష్టవంతురాలని అందరూ అంటారు, ఆమె సుఖపడదు. పదహారేళ్ల పిల్ల రాసిన కథ ఇది. పెళ్లి అనే బజారులో ఆడపిల్లకు వెల ఎలా కడతారో తెలుసుకోవడానికి ఆమెకు విఫలప్రేమ అవసరం రాలేదు. మేనత్త కథ వింది, చుట్టూ ఉన్నవాళ్లను గమనించింది, రాసింది. మీ సినిమాలో ఎలైజా ఉంది గానీ ఆమె వెనక ఉన్న సముద్రప్రయాణం లేదు. అది ఉండి ఉంటే ఈ అమ్మాయికి ఇంత సంగతి ఎలా తెలిసిందన్న ప్రశ్నకు జవాబు ఇంట్లోనే దొరికేది.

టామ్ వెళ్లిపోయాక ఏం జరిగిందో కూడా చూద్దాం. 1796 అక్టోబరులో ఆమె 'ఫస్ట్ ఇంప్రెషన్స్' మొదలుపెట్టి, 1797 ఆగస్టుకు ముగించింది. నవంబరులో తండ్రి లండన్‌లోని కాడెల్ అనే ప్రచురణకర్తకు ఉత్తరం రాశారు. కాడెల్ రాతప్రతి చూడనైనా చూడకుండా వద్దన్నాడు. ఆమె రాయడం మానలేదు. ఇంట్లో అక్క, నేస్తురాలు మార్తా లాయిడ్ ఆ రాతప్రతిని మళ్లీ మళ్లీ చదివేవారు. మార్తా ఇంకోసారి చదివితే కంఠతా పట్టి తన పేరుతో అచ్చువేసుకుంటుందని 1799లో జేన్ పరిహాసంగా రాసింది. 1803లో 'సుసాన్' అనే నవలను క్రాస్బీ అనే ప్రచురణకర్త 10 పౌండ్లకు కొని మూలన పడేశాడు. 1809లో మారుపేరుతో గట్టిగా అడిగితే, ఇచ్చిన 10 పౌండ్లూ తిరిగిస్తే రాతప్రతి వెనక్కి ఇస్తానన్నాడు. ఆ డబ్బు కట్టి దాన్ని విడిపించుకున్నది 1816లో. అదే ఆమె పోయాక 'నార్థాంగర్ ఆబీ'గా వచ్చింది. నష్టం వస్తే తానే భరిస్తానని ఒప్పుకుని 1811లో 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' వేయించుకుంది. పుస్తకం మీద పేరు లేదు, ఒక స్త్రీ రాసినదని మాత్రమే ఉంది. 'ఫస్ట్ ఇంప్రెషన్స్' 1813లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'గా బయటికి వచ్చింది. తొలిప్రతి ముగించాక పదిహేనేళ్లకు పైగా గడిచాయి. దాని హక్కులు 110 పౌండ్లకు అమ్మింది.

మరో సంబంధం కూడా వచ్చింది. 1802 డిసెంబరులో హారిస్ బిగ్-విదర్ అనే ఆస్తిపరుడు అడిగితే సాయంత్రం సరేనంది, తెల్లారేసరికి కాదంది. ఇది ఎవరూ కల్పించనక్కరలేని ఘట్టం. ఇరవై ఏడు నిండబోతున్న వయసు, చేతిలో డబ్బు లేదు, ఒక్క మాటతో తనకూ అక్కకూ జీవితాంతం నీడ దొరికేది. ఆ రాత్రి ఆమె మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. మీవంటి దర్శకుల ఊహకు అంతకంటే పెద్ద చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఆమె పోయిన యాభై ఏళ్లకు ఆమె మేనల్లుడు జీవితచరిత్ర రాస్తూ, చెప్పుకోదగ్గ సంఘటనలు లేని నెమ్మది బతుకుగా ఆమెను చూపించాడు. ఆ చప్పిడి బొమ్మను బద్దలుకొట్టాలని, ఆమెలోనూ నెత్తురు పారేదని చూపించాలని మీరు తలపెట్టారు. అందుకు మిమ్మల్ని గౌరవిస్తాను. కానీ ఆ మేనల్లుడిదీ మీదీ లోపల ఒకే నమ్మకం. ఆడమనిషి బల్ల దగ్గర కూర్చుని రాయడం ఒక సంఘటన కాదన్న నమ్మకం. ఆయన సంఘటనలు లేవని ఊరుకున్నాడు, మీరు ఒక ప్రేమికుణ్ణి తెచ్చి సంఘటన పుట్టించారు.

మగ రచయితలకూ సినిమావాళ్లు ఇలాగే చేస్తారని మీరు అనవచ్చు. నిజమే. 1998లో వచ్చిన 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' కూడా ప్రేమ నుంచే నాటకాన్ని పుట్టించింది. కానీ అందులో షేక్‌స్పియర్ మొదటి నుంచీ నాటకకర్తే. అతని చుట్టూ నాటకశాల ఉంటుంది, నటులుంటారు, అప్పులుంటాయి, రిహార్సళ్లుంటాయి. ప్రేమ వచ్చి అతని ఒక నాటకాన్ని మారుస్తుంది. అతణ్ణి రచయితను చేయదు.

మా తెలుగు పాఠకులకు ఈ సంగతి దూరపుది కాదు. మాలతీ చందూర్ గారి 'పాత కెరటాలు' చదివి ఇంగ్లీషు నవలలతో పరిచయం పెంచుకున్న ఇళ్లు మావి. 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' ఆధారంగా రాజీవ్ మేనన్ తమిళంలో తీసిన సినిమాను 2000లో 'ప్రియురాలు పిలిచింది'గా తెలుగులో చూసి, ఆ అక్కచెల్లెళ్లను మా ఇంటి పిల్లలనుకున్నాం. మాకూ కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన వంటి నవలా రచయిత్రులున్నారు. వారపత్రిక కోసం వారమంతా ఎదురుచూసేలా చేసిన చేతులవి. స్త్రీ ప్రేమకథ రాస్తే అది ఆమె సొంత కథేనా అని గుసగుసలాడే అలవాటు మా దగ్గరా ఉంది. సీరియల్‌ను వారం వారం ఎలా నిలబెట్టారు, పాత్రను ఎలా పెంచారు, ఇంటిపని మధ్య రాత ఎప్పుడు సాగింది అని అడిగేవాళ్లు తక్కువ. అందుకే జేన్‌కు జరిగిన అన్యాయం మాకు తెలిసిన అన్యాయంలాగే కనిపిస్తుంది.

నేను కోరేది ఒక్కటే. మీరైనా, మీ తర్వాత ఈ దారిలో వచ్చేవారైనా, ఏ రచయిత్రి తొలినాళ్ల గురించి సినిమా తీసినా ఆమె పనిని కథలోకి తీసుకురండి. కూతురికి నోటుపుస్తకం కొనిచ్చిన తండ్రిని చూపండి. చదవకుండానే తిప్పికొట్టిన ఉత్తరం ఇంటికి చేరిన రోజును చూపండి. నచ్చని వాక్యాన్ని కొట్టేసి మళ్లీ రాసే చేతిని చూపండి. 1816 వేసవిలో, ఒంట్లో బాగాలేకపోయినా, 'పర్‌స్వేషన్' ముగింపు తనకే నచ్చక కొట్టేసి మూడు వారాల్లోపే కొత్తగా రాసింది ఆమె. ఆ పాత అధ్యాయాల రాతప్రతి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ప్రేమ కూడా ఉండనివ్వండి, ఆమె జీవితంలో అదీ ఒక భాగమే. కానీ కారణం చేయకండి.

'బికమింగ్ జేన్' చూసి ఇష్టపడిన మా తెలుగు పిల్లలకూ ఒక మాట. ఆ సినిమా మళ్లీ చూడండి, తప్పులేదు. చూశాక 'లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్' చదవండి, చాలా చిన్నది, ఒక్క పూటలో అయిపోతుంది. అది రాసేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు. టామ్ లెఫ్రాయ్ ఆమెకు పరిచయం కావడానికి ఇంకా అయిదేళ్లు ఉంది.

గౌరవంతో,
ఒక తెలుగు పాఠకురాలు